తోడు పెరుగులో పింజల వారు

"అమ్మా, నేను 1938లో పుట్టానంట!"

నాంచారి పడీపడీ నవ్వుతూ టాబ్లెట్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. ఆదివారం పొద్దున కావడంతో తల్లి హైమవతి తీరిగ్గా దోసెలు పోస్తోంది.

"ఏదీ, చూపించు."

తెర మీద వాళ్ళ సొంత వెబ్‌సైటు, 'పింజల వారి వంశం'. నాంచారి పేజీలో పైన పుట్టిన సంవత్సరం 1938 అని ఉంది. పక్కన ముక్కుపుడక పెట్టుకున్న ముసలావిడ ఫొటో. దాని కింద గోత్రం, ఇంటిపేరు, ఊరు, ఇలవేల్పు, పేరు అంటూ బారెడు శీర్షిక. ఆ కింద, 'బాపట్లలో నాలుగో తరగతి చదువుతోంది. బొమ్మలు వేయడం ఇష్టం.'

హైమ కూడా నవ్వింది. నానమ్మ నాంచారమ్మ పేరే పిల్లకి పెట్టుకుని నాంచారి అని పిలుస్తున్నారు గదా, రెండు పేజీలూ ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయనుకుంది. పై పేజీ చూద్దామని వేలితో జరిపింది. నాంచారమ్మ భర్త పేజీ వచ్చింది. కిందికి జరిపింది. మళ్ళీ నాంచారే వచ్చింది.

నానమ్మకీ మనవరాలికీ మధ్య ఇద్దరుండాలి. నాంచారమ్మ కూతురు కోటేశ్వరి, కొడుకు భావనారాయణ. ఆ ఇద్దరూ లేరు, కోడలిగా హైమ పేజీ కూడా లేదు. వాళ్ళ చోటు ఖాళీగా ఉందా అంటే అదీ లేదు. అసలా తల్లి కడుపున ఎవరూ పుట్టనట్టే ఉంది.

భావనారాయణ హైమ భర్త. చనిపోయి ఎనిమిదేళ్ళయింది. పెనం మీద దోసె మాడి పొగ వస్తున్నా హైమకి తెలియలేదు.

"నాన్న ఏడమ్మా?" అంది నాంచారి. ఇప్పుడా పిల్ల నవ్వడం లేదు.

*

భావనారాయణ బడిపంతులు. సెలవు దొరికితే చాలు, బంధువుల ఇళ్ళ మీద పడి, ఎవరికి ఎవరేమవుతారో రాబట్టి, ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసుకొచ్చేవాడు. అవన్నీ పెట్టడానికే ఆ సైటు. కిడ్నీలు చెడి మంచం పట్టాక అతనికి ఇంకో పని పడింది. ఒళ్ళో పసిపిల్ల ఉంది. దానికి రేపెప్పుడో చెప్పాల్సినవన్నీ ఇవాళే చెప్పి పెట్టాలి. సైకిలు ఎలా తొక్కాలి, మగ్గం గుంటలో కాళ్ళెలా పెట్టాలి, లెక్కలంటే ఎందుకు భయపడకూడదు. మధ్యమధ్యలో దగ్గు. అవన్నీ తన పేజీలో పెట్టి వెళ్ళిపోయాడు. నాంచారికి నాన్నంటే ఆ గొంతే. బడి నుంచి రాగానే సంచీ అవతల పారేసి ఒకటి వినందే పిల్ల పాలు తాగేది కాదు.

అతను పోయాక ఆ సైటును ఉచితంగా ఉంచనిచ్చిన కంపెనీ మూతపడింది. గడువిచ్చి మరీ మూసుకున్నారు గనక హైమ అంతా ఒక హార్డ్ డిస్కులోకి దింపుకోగలిగింది. ఇక ఈసారి సైటు పెట్టడానికి ఏ హోస్టింగ్ తీసుకోవాలన్నదాని మీద పింజల వారి వాట్సాప్ గ్రూపులో కురుక్షేత్రమే నడిచింది.

"నెలనెలా కట్టేది వద్దు. ఒక నెల మర్చిపోయామనుకో, తాతముత్తాతలంతా రోడ్డున పడతారు" అని ఒకరు. "ఉచితమన్నవాడి జోలికి పోవద్దు, ఒకసారి మునిగింది చాలు" అని ఇంకొకరు. మనవాళ్ళంతా ఎక్కడో దేశంకాని దేశంలో సర్వర్లలో పడి ఉండటమేమిటని మరొకరు. చివరికి కోటేశ్వరి నోరు విప్పింది. భావనారాయణకి అక్క, హైమకి ఆడబిడ్డ. చీరాలలో చీరల కొట్టు నడుపుతుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"మూతపడనిది, కరెంటు పోయినా పోనిది, మనింట్లోనే ఉండేది ఏదన్నా ఉంటే చెప్పండి. లేదా నోరు మూసుకోండి" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

హైమకి కావలసిందీ అదే. ఆమె బాపట్లలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో శాస్త్రవేత్త. పెరుగులో ఉండే సూక్ష్మజీవుల డిఎన్ఏలో అక్షరాలు, బొమ్మలు, గొంతులు రాయడం ఆమె కనిపెట్టిన విద్య. చూస్తే మామూలు పెరుగే, తిన్నా మామూలు పెరుగే. చెంచాడు తీసి గట్టు మీదున్న చిన్న డబ్బాలో వేస్తే, డబ్బా దాన్ని చదివి, లోకంలో ఎవరు అడిగినా సైటు చూపిస్తుంది. సాయంత్రం పాలు తోడు పెడితే తెల్లారేసరికి గిన్నెడు కొత్త కాపీలు. చుట్టాలకి కాస్త తోడు ఇచ్చి పంపితే వాళ్ళ వంటిల్లూ ఒక సర్వరే. తోడు అడిగినవాళ్ళని లేదనకుండా పంపడం మనకెలాగూ అలవాటే. అలా చీరాల నుంచి చిలకలూరిపేట దాకా పింజల వారు గిన్నెల్లో పేరుకున్నారు.

మొదట్లో ఒక్కచోటే పేచీ వచ్చింది. పేజీ పేజీకీ ముందు వేరువేరు నంబరు ఉండేది. అది చూసి కోటేశ్వరి ఇంతెత్తున లేచింది.

"మా అమ్మకి ఖైదీ నంబరేందే హైమా? పూజలో పంతులు ఎట్టా చెప్తాడు? గోత్రం, ఇంటిపేరు, పేరు. అట్టా రాయి, నిండుగా ఉంటది."

ఆమే కాదు, ముందుగా పేర్లిచ్చిన ప్రతి కుటుంబమూ అదే మాట. ఎంత చదివినా హైమ కూడా ఆ గూటి పక్షే. ఆమెకీ అదే బాగనిపించింది. నంబర్లు తీసేసి బారెడు శీర్షికలు పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ పెరుగును బజారులోకి విడుదల చేసే సభ రోజున ల్యాబ్ డైరెక్టరు రాజారత్నం ఆమెని పక్కకు పిలిచాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు హైమగారూ. మీ డిస్కు మీరు దాచుకుని జనాన్ని చెరిపేసుకోమంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. ఆమె వేదికెక్కి, విలేకరుల ముందు, భర్త ఉన్న హార్డ్ డిస్కును తన చేత్తో చెరిపేసింది. హాలంతా చప్పట్లు. 'మీ వాళ్ళు మీ ఇంట్లోనే, మా దగ్గర కాపీ ఉండదు' అన్నది ల్యాబ్ ఇచ్చిన మాట. ఆ మాట చూసే జనం ఎగబడి కొన్నారు. చాలామంది ఆమెని చూసి తమ డిస్కులూ చెరిపేసుకున్నారు.

*

ఆ ఆదివారం మధ్యాహ్నమే హైమ ల్యాబ్ తాళం తీయించి పెరుగు పరీక్షకు పెట్టింది. ఫలితం వచ్చాక రాజారత్నానికి ఫోను చేసింది. రాజారత్నం వచ్చి ఏమైందని అడిగాడు. హైమ తన చీర కొంగు చేతిలోకి తీసుకుంది.

"ఇదుగోండి సార్, ఈ రెండు పూల బుటాలూ ఒకేలా ఉన్నాయి కదా." ఆ రెండు బుటాలనూ ఒకదానికొకటి ఆనించి పట్టుకుంది. మధ్య బట్ట సంచిలా వేలాడింది. "డిఎన్ఏలో పొడుగాటి ముక్క ఒకటి అక్షరం పొల్లుపోకుండా రెండు చోట్ల ఉంటే, సూక్ష్మజీవి ఆ రెండిట్నీ ఇలా ఒకటిగా కలిపేసుకుంటుంది. వేలాడేదాన్ని కత్తిరించి పారేస్తుంది."

"నానమ్మ పేరు, మనవరాలి పేరు..."

"ఒకటే. గోత్రం, ఇంటిపేరు, ఊరు, అన్నీ ఒకటే. నంబర్లున్నప్పుడు ఏ రెండూ కలిసేవి కావు. మధ్యలో వేలాడింది మా ఆయన."

"అన్ని సూక్ష్మజీవుల్లోనా?" అన్నాడు రాజారత్నం.

"ఒక్కదానిలో జరిగితే చాలు సార్. బరువు దింపుకున్నది మిగతావాటికంటే గబగబా పెరుగుతుంది. తోడు పెట్టినప్పుడల్లా దానిదే పైచేయి. చివరికి గిన్నెలో అవే మిగిలాయి."

"మరి మన పరీక్షల్లో రాలేదేం?"

"పరీక్షల్లో మనం పెట్టింది పాత వార్తలు, పాఠ్యపుస్తకాలు. తాత పేరు మనవడికి పెట్టే కుటుంబాన్ని పెట్టలేదు. మీ పేరు మీ తాతగారిదేగా సార్. నా పేరు మా నానమ్మది. అయినా మనకి తట్టలేదు."

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. తెనాలిలో ఒకాయనకి తండ్రి లేడు, తాత పేజీ కింద తన మార్కుల పట్టిక ఉంది. నరసరావుపేటలో ఒకావిడకి తల్లి లేదు. తాతకీ మనవడికీ మధ్య తండ్రి, నానమ్మకీ మనవరాలికీ మధ్య తల్లి. ఏ ఇంట్లో పెద్దల పేరు భక్తిగా నిలబెట్టుకున్నారో ఆ ఇంట్లోనే మధ్య తరం ఊడిపోయింది. ఫోన్లలో తిట్టినవాళ్ళు నయం. నరసరావుపేట ఆవిడ తిట్టలేదు. "మేడమ్, మా అమ్మ మళ్ళీ వస్తుంది కదా?" అని మాత్రం అడిగింది. హైమ ఫోను పెట్టేసింది.

*

మర్నాడు కోటేశ్వరి రైలు దిగి వచ్చింది. చుట్టాలందరిళ్ళూ తిరిగి పోగేసిన పెరుగు గిన్నెలు కారియర్ల నిండా తెచ్చింది. హైమ ఒక్కొక్కటీ డబ్బాలో వేసి చూసింది. అన్నిట్లోనూ అదే 1938, అదే నాలుగో తరగతి.

"నన్ను కూడా తీసేసిందే నీ పెరుగు, బతికుండగానే!" అని కోటేశ్వరి నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను పోతే పోయాన్లే. వాడి గొంతు... ఆ దగ్గన్నా లేదా హైమా?" అంటూ గిన్నెల మధ్య చతికిలబడి ఏడ్చింది.

నాంచారి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"నాన్న ముందు నుంచీ సరిగా రావట్లేదమ్మా" అంది మెల్లగా. "కొన్నిరోజులు వచ్చేవాడు, కొన్నిరోజులు రాడు."

హైమ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎప్పట్నుంచే?"

"దసరా సెలవుల ముందు నుంచి."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"లెక్కల్లో తక్కువొచ్చినయ్యిగా. కోపమొచ్చిందేమో అనుకున్నా." పిల్ల కింది పెదవి వణికింది. "అమ్మా, నాన్న పెరుగులో ఉన్నాడన్నావుగా. రోజూ నేనే తిన్నా. నాన్నని నేను తినేశానా?"

కోటేశ్వరి చటుక్కున పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "అవేం మాటలే, నోరు కడుక్కో!"

హైమకి మాత్రం ఒళ్ళు జలదరించింది. పిల్ల మాటకి ఒకందుకు, దాని వెనకాలే తట్టిన ఆలోచనకి ఇంకొకందుకు. గిన్నెలో పాలున్నాయి, అక్కడ ఎవరు ముందు పెరిగితే వాళ్ళదే రాజ్యం. కడుపులో ఆ పరుగు లేదు. పేగు గోడకి అంటుకుని నిదానంగా బతికేవాటికి అక్కడ చోటుంటుంది. మొదటి గిన్నె పెరుగుతో లోపలికి వెళ్ళినవి, బరువు దింపుకోనివి, ఇంకా అక్కడ ఉంటే?

ముందు తనని తాను పరీక్షించుకుంది. ఏమీ లేదు. రోజంతా పెరుగుతో వేగే మనిషి, ఇంటికొచ్చి పెరుగన్నం తిని ఎన్నేళ్ళయిందో. కోటేశ్వరిలోనూ లేదు. ఆమెకి పోయిన నెలే పంటి ఆపరేషనై, వాడిన యాంటీబయాటిక్ అన్నిట్నీ ఊడ్చేసింది. నాంచారి దొడ్డికి వెళ్ళినప్పుడు సీసాలో పట్టింది ల్యాబ్‌కి తీసుకెళ్ళారు.

దొరికాడు. మొత్తం కాదు, ఒక ముక్క. తెర మీద గీతలు కదిలి, స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"సైకిలెక్కితే కింద చూడబాకమ్మా నాంచారమ్మా. ముందుకి చూడు. పడతావులే, పడితే ఏమైంది..." ఆ తర్వాత దగ్గు.

కోటేశ్వరి నోట్లో కొంగు కుక్కుకుంది. హైమ ల్యాబ్ నేల మీద కూర్చుండిపోయింది. నాంచారి మటుకు తన పొట్ట వైపు చూసుకుంది. రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, ఎవరైనా తీసుకుపోతారేమోనన్నట్టు గట్టిగా పట్టుకుంది.

కానీ పని అంత సులువు కాదు. ఆ పాత సూక్ష్మజీవులు చాలా కొద్ది. పాలలో వేసి పెంచుదామంటే మళ్ళీ బరువు దింపుకున్న పొట్టివే గెలుస్తాయి. దొరికినవాటిని దొరికినట్టు చదువుకోవాలి. ఒక్కోసారి ఒక్కో ముక్క. నెలలు పడుతుంది. "అన్నీ వస్తాయి" అని హైమ పిల్లకి చెప్పింది. చెప్పాల్సింది ఇంకొకటి కూడా ఉంది గనక అదీ చెప్పింది. అత్త వేసుకున్న మందే అత్తలో ఉన్న నాన్నని ఊడ్చేసిందని చెప్పింది. మిగతా కుటుంబాల పిల్లల్లో కూడా వెతకడం మొదలైంది. నరసరావుపేట ఆవిడ తల్లి ఆవిడ కొడుకులో దొరికింది.

*

వానలు పడ్డాక నాంచారికి గొంతు వాచింది. మింగుడుపడదు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డాక్టరు టార్చి వేసి గొంతు చూసి, పరీక్ష చేయించి, తల ఊపాడు.

"ఇది మామూలు జలుబు కాదమ్మా. ఈ వయసు పిల్లల్లో ఈ గొంతునొప్పిని వదిలేస్తే గుండె కవాటాల మీదికి పోతుంది. యాంటీబయాటిక్ రాస్తున్నా. తగ్గింది కదాని మధ్యలో మానకూడదు, మొత్తం వాడాలి."

మందుల షాపు ముందు హైమ చీటీ చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పటిదాకా వచ్చింది సగం కూడా లేదు. లెక్కల గురించి చెప్పింది రాలేదు. మగ్గం గురించి చెప్పింది రాలేదు. ఇంటి దగ్గర కోటేశ్వరి, పిల్లకి తోడుగా ఉందామని వచ్చినామె, గుమ్మంలోనే అడిగింది.

"రెండ్రోజులు మిరియాల కషాయంతో చూద్దామా హైమా?" ఆ మాటంటూ హైమ కళ్ళలోకి చూడలేకపోయింది. "మన చిన్నప్పుడు అన్నిటికీ అదేగా."

"వద్దు వదినా" అంది హైమ. ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టు ఉంది. మొదటి మాత్రకి ముందు ల్యాబ్ కోసం ఒక్క సీసా నింపి దాచింది. తర్వాత మాత్ర తీసి పిల్ల నాలిక మీద పెట్టింది. నాంచారి మారుమాటాడకుండా నీళ్ళు తాగింది. ఇంత బుద్ధిమంతురాలు ఎక్కడైనా ఉంటుందా అనిపించింది.

జ్వరం తగ్గలేదు. మందు వాడుతున్నా తగ్గకపోగా ఎక్కువైంది. కీళ్ళు నొప్పులంటోంది. డాక్టరుకి ఫోను చేస్తే, "మందు సరిగా వేస్తున్నారా?" అని రెట్టించి అడిగాడు. వేస్తున్నామనే హైమ ఒట్టేసినట్టు చెప్పింది. పిల్ల చెమటకి తడిసిన దుప్పట్లు మారుద్దామని తలగడ గలేబు లాగింది.

గలేబులోంచి మాత్రలు రాలాయి. తడిసి, ఉబ్బి, రంగు వెలిసిన మాత్రలు. వేసినవన్నీ అక్కడే ఉన్నాయి.

హైమ వాటి వైపు చూసింది. పిల్ల వైపు చూసింది.

"మందేసుకుంటే నాన్న పోతాడుగా" అంది నాంచారి. గొంతు బొంగురుపోయింది. "ఇంకా బోలెడు రావాలిగా అమ్మా. అన్నీ వచ్చినాక వేసుకుంటా. ఒట్టు."

ఆ క్షణంలో హైమ మనసులో ఒక మాట మెదిలింది. ఇంకొక్క రోజు, అని. అంతవరకూ జరిగినవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక్కటే ఒక ఎత్తు. దోసె మాడిన రోజు కూడా ఆమె అంతగా అదిరిపోలేదు. తన లోపల అలాంటిది ఉందని ఆమెకి తెలియదు.

కొత్త మాత్ర తీసి రెండు చెంచాల మధ్య నలిపింది. తేనెలో కలిపింది.

"వదినా, కాళ్ళు పట్టుకో."

"హైమా, నా వల్ల కాదే. వాడు..."

"పట్టుకో వదినా!"

కోటేశ్వరి ఏడుస్తూ పట్టుకుంది. నాంచారి పళ్ళు బిగబట్టింది. తల అటూ ఇటూ కొట్టుకుంది. "వద్దమ్మా, నాన్న పోతాడమ్మా, నాన్న" అంటూ మూసిన పళ్ళలోంచే కేకలు పెట్టింది. హైమ పిల్ల ముక్కు మూసింది. ఊపిరి కోసం నోరు తెరవగానే చెంచా లోపలికి వంచింది. గొంతు కదిలేదాకా గడ్డం పట్టుకుని వదల్లేదు.

పిల్ల మింగింది. కాసేపు పెనుగులాట ఆపి తల్లిని తేరిపార చూసింది. అంత జ్వరంలోనూ ఆ చూపు తేటగా ఉంది.

"చంపేశావు" అంది.

"అవునమ్మా" అంది హైమ. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "నోరు తెరువు. నాలిక పైకెత్తు. చూడనీ."

నాంచారి నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు.